శ్రామికోత్సవ చరిత్రము

శబ్దవిచారము

కార్మిక శబ్దము నేఁడు పత్రికలయందును శాసనములయందును సభలయందును మిక్కిలి వ్యాప్తిలో నున్నది. దేహశ్రమచేఁ గూలి గడించి బ్రదుకువాఁడు కార్మికుఁడని యెల్లరును గ్రహింతురు. కాని ప్రాచీనగ్రంథములఁ జూచినచో నీ శబ్దమున కీ యర్థము కానరాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమునఁ గార్మికుఁడనఁగా లెక్క లొప్పగింపవలసిన యధికారి. యాజ్ఞవల్క్యస్మృతిలోఁ గార్మికమనఁగాఁ జిత్రపుఁబని చేసిన వస్త్రము. చక్రస్వస్తికాదులను దారములతోఁ దీర్చిన బట్ట యని మితాక్షరాకారుఁడు దానిని వివరించినాఁడు. కూలికిఁ బనిచేయువానికిఁ బూర్వులు వాడిన మాట కర్మకరుఁడు.

ఈ కర్మకర శబ్దమును సాధించుటకుఁ బాణిని ప్రత్యేకముగా నొక సూత్రము రచించెను. కర్మశబ్ద ముపపదమై యుండఁగా, భృతి, అనఁగాఁ గూలి, తోఁచునపుడు కృఞ్ ధాతువునకు ట ప్రత్యయము వచ్చి కర్మకర యను రూప మేర్పడును. కూలి తోఁపనియెడల అణ్ ప్రత్యయము వచ్చి కర్మకార యగును. రెండు రూపములకును భేద మొక్క దీర్ఘమే. కాని యా దీర్ఘము వెనుక నొక లోకవ్యవస్థ యున్నది. పని చేయువాఁడు వేఱు, పరుల పనిని గూలికిఁ జేయువాఁడు వేఱు అను వివేకము వైయాకరణునకుఁ దోఁచినదన్నచో, నాఁటి లోకమున నది స్పష్టముగా నుండెననుట నిశ్చయము.

తద్ధితప్రకరణమునను దీనికి సంబంధించిన ప్రయోగములు కలవు. వేతనముచే జీవించువాఁడు వైతనికుఁడు. అయిదు కూలిగాఁ గలవాఁడు పంచకుఁడు. ఒక మాసమునకుఁ గుదుర్చుకొనఁబడినవాఁడు మాసికుఁడు. ఇందుఁ గూలికిఁ బరిమాణము కలదు. ఒడంబడిక కాలమునకును బరిమాణము కలదు. ఒక దినమున నెన్ని గడియలు పని చేయవలెనను పరిమాణము మాత్ర మిచటఁ జెప్పఁబడలేదు. సూర్యుఁడు పొడిచినది మొదలు గ్రుంకువఱకు ననుట లోకసిద్ధముగా నుండినందున దానిని జెప్పవలసిన యవసర మప్పటికిఁ గలుగలేదు. రాత్రినిఁ బగలుగాఁ జేయు దీపములును, అలయిక యెఱుఁగని యంత్రములును వచ్చిన పిమ్మట నాకాశమందలి యా మేర చెరిగిపోయెను. క్రొత్త మేరను మనుష్యులే యేర్పఱచుకొనవలసి వచ్చెను. అట్లేర్పఱచుకొనుటకై జరిగిన ప్రయత్నముయొక్క స్మారకమే మే నెల మొదటి దినమున లోకమున నడచు శ్రామికోత్సవము.

శ్రేణియు సంఘమును

ఇట నొక పూర్వపక్షము కలదు. శ్రామికసంఘములు పాశ్చాత్యులవలన వచ్చినవనుట యేల? మన దేశమున శ్రేణులు, పూగములు, వ్రాతములు అనాదిగా నుండలేదా? పాణిని వీనిఁ బేర్కొనలేదా? మందసోరు శాసనము మాట యేమి? అని కొంద ఱడుగుదురు.

శ్రేణు లుండెననుట సత్యము. లాటదేశమునుండి దశపురమునకు వలసవచ్చిన పట్టుసాలెల శ్రేణి, మాలవ సంవత్సరము 493 లో, అనఁగాఁ గ్రీస్తుశకము 437-38 ప్రాంతమున, సూర్యదేవాలయమును గట్టించెను. అది శిథిలము కాఁగా 529 లో మరల బాగుచేయించి, వత్సభట్టియను కవిచే శాసనమును రచింపించెను. నేఁతనేసి బ్రదుకువారు దేవాలయమును గట్టించి, కవిని బోషించి, తమ చరిత్రమును శిలపై నిలుపుకొనఁగల ధనమును గౌరవమును బడసిరనుటకు నది ప్రబలప్రమాణము. బృహస్పతిస్మృతి శిల్పులలో నేర్చుకొనువానికి నొక పాలును, తెలిసినవానికి రెండును, కుశలునకు మూఁడును, ఆచార్యునకు నాలుగును బంచవలెనని విధించినది. సంఘముగాఁ గూడి కూలికిఁ గుదిరినవారు తమలోఁ దాము చెప్పుకొనిన చొప్పుననో సమముగానో వేతనమును బంచుకొనవలెనని కౌటిల్యుఁడు వ్రాసెను.

అయినను శ్రేణి వేఱు, నేఁటి శ్రామికసంఘము వేఱు. శ్రేణిలోనివానికి మగ్గము తనది, నూలు తనది, నేసిన బట్టయుఁ దనది. ఆచార్యుఁడును శిష్యుఁడును నొకే శ్రేణిలోనివారు. నేఁటి శిష్యుఁడు రేపటి యాచార్యుఁడు. శ్రేణి బేరమాడినది కొనువానితో, రాజుతో. మిల్లులోని నేఁతవానికో, మగ్గము తనది కాదు, నూలు తనది కాదు, బట్ట తనది కాదు. తనవి రెండు చేతులును, దినమునందలి గడియలును మాత్రమే. అతఁడు బేరమాడవలసినది తనకుఁ బని యిచ్చువానితో. ఒంటిగా నాడిన బేరమునకు విలువ లేదు; ఏలయన నతఁడు కాదన్న పనికిఁ దలుపుకడఁ బదుగురు నిలిచియుందురు. కావుననే సంఘ మావశ్యక మయ్యెను. శ్రేణి సంపద గలవారి కూటమి. శ్రామికసంఘము సంపద లేనివారి కూటమి. ఈ భేదమును మఱచి యొకదానికి రెండవది పర్యాయమని చెప్పుట శబ్దసామ్యమునఁ గలిగిన భ్రమ.

మఱియొక విషయమును గూడఁ గప్పిపుచ్చరాదు. కర్మకరుఁడు పనిని మానుటను మన ధర్మశాస్త్రములు నేరముగనే యెంచినవి. రోగి కాకయే దర్పముచేఁ బని చేయని భృతకునకు నెనిమిది కృష్ణలముల దండనము, వేతనము లేదు అని మనువు. కారుశిల్పులు కూడఁబలుకుకొని పని గుణమును దగ్గించుట, లాభమును బెంచుకొనుట మున్నగునవి చేసినచో వేయి పణముల దండన మని కౌటిల్యుఁడు. పని మానుట దోషము, కూడి మానుట మహాదోషము అను భావము ప్రాచ్యులకును బాశ్చాత్యులకును సమానమే. ఇంగ్లాండున 1799, 1800 సంవత్సరములలోఁ జేయఁబడిన శాసనములు కూలి పెంచుటకై పనివారు కూడుటనే నేరముగాఁ జేసినవి. అవి 1824 లో రద్దయినను, 1834 లో టాల్‌పడిల్ అను పల్లెలోని యార్గురు వ్యవసాయపుఁ గూలీలు వారపుఁ గూలి తగ్గినందున సంఘముగాఁ జేరి ప్రమాణము చేసికొనఁగా, రహస్యప్రమాణమను మిషతో వారిని ఏడేండ్లు ఆస్ట్రేలియాకుఁ బ్రవాసము పంప శిక్ష విధించిరి. ప్రజలలోఁ బుట్టిన యలజడిచే 1836 లో వారికి క్షమ దొరకెను. మన దేశమున 1859 లో వచ్చిన పదుమూఁడవ యాక్టు, బయానా పుచ్చుకొని పని మానినవానిని మూఁడునెలల కఠినశిక్షకుఁ బాత్రునిఁ జేసినది. అది 1925 లోఁ గాని రద్దు కాలేదు.

సెలవును సమ్మెయును

తెలుఁగున సెలవు శబ్దమునకు నాజ్ఞ, అనుజ్ఞ, వ్యయము అను నర్థములు కలవు. పెద్దలు మాటలాడుటను సెలవిచ్చుట యందురు. వారియొద్దనుండి పోవుటను సెలవు పుచ్చుకొనుట యందురు. పని లేని దినమునకు సెలవను పేరు వచ్చుటకుఁ గారణ మిదియే: అది యొక రనుజ్ఞ యిచ్చిన దినము. పాఠశాలలోని యనధ్యయన మట్టిది కాదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి మున్నగు తిథులయందు గురువైనను జెప్పరాదు, శిష్యుఁడైనను జదువరాదు. అచట ననుజ్ఞ యిచ్చువాఁడు లేఁడు, కాలమే విధించినది. మహానవమి నాఁడు పనిముట్లను బూజించి పని మానునట్టి కంసాలి, వడ్రంగి మొదలగువా రెవ్వరిని సెలవడుగుదురు?

ఇంగ్లీషుభాషలోఁ బనివారు కూడి పనిని నిలుపుటకు స్ట్రైకను పేరు నావికులవలన వచ్చినది. 1768 లో లండను రేవున నావికులు కూలి కొఱకై తెరచాపలను దించి యోడలను గదలనీయక నిలిపిరి. చాప దించుటకు వాడు మాటయే పిమ్మట పని నిలుపుటకుఁ జెల్లెను. ఫ్రెంచివారు దీనిని గ్రేవ్ అందురు. పారిసు నగరమున సేన్ నదీతీరమునఁ బని దొరకనివారు వచ్చి నిలుచు బయలికి నా పేరు. మన పట్టణములలోఁ గూలీలు వేకువను నిలుచు అడ్డా వంటిది.

సెలవును సమ్మెయును గూడ నొకటియే యని మొదటఁ జెప్పినవాఁడు విలియం బెన్‌బో. ఇతఁడు చెప్పులు కుట్టు వృత్తిలోఁ బెరిగి పిదపఁ బుస్తకములు ముద్రించి యమ్మినవాఁడు. 1832 లో నితఁడు వెలువరించిన చిన్నపొత్తమున, దేశమునందలి పనివారందఱు నొక మాసము పండుగ చేసికొనవలెనని ప్రతిపాదించెను. పనిని మానుట తిరుగుఁబాటు కాదు, పండుగ యని యాతని యుక్తి. చార్టిస్టులను రాజకీయపక్షమువారు 1839 లో దీనిని బవిత్రమాసమను పేర స్వీకరించిరి గాని నడపలేకపోయిరి. అయినను సమ్మెకును బండుగకును నప్పుడు పడిన ముడి విడిపోలేదు.

ఇరువది గడియల పని

అహోరాత్రమునకు 60 గడియలు. దానిని మూఁడుగా భాగించి 20 గడియలు పనికి, 20 గడియలు నిద్రకు, 20 గడియలు స్వేచ్ఛకు నుండవలెనను మాటను ఇంగ్లాండున రాబర్టు ఓవెన్ అను మిల్లుయజమాని 1817 ప్రాంతమునఁ బ్రచారము చేసెను. నేఁటి లెక్కచొప్పున నొక్కొక్క భాగ మెనిమిది గంటలు. అప్పటి మిల్లులలో 12 మొదలు 14 గంటలవఱకుఁ బని యుండుట సామాన్యము. చట్టము మెల్లగా నడచెను: 1847 నాఁటి శాసనము స్త్రీలకును యువకులకును 10 గంటలు మేర పెట్టెను.

ఎనిమిది గంటల పనిని మొదట సాధించినవారిలో ఆస్ట్రేలియాదేశపు మెల్‌బోర్న్ నగరములోని రాతిపనివారు ముఖ్యులు. 1856 ఏప్రిల్ 21వ తేదీన విశ్వవిద్యాలయభవనమును గట్టుచుండిన వీరు పనిముట్లు దించి, ఇతర కట్టడములలోనివారిని గూడఁ గలుపుకొని పార్లమెంటు భవనము కడకు నడచిరి. కూలి తగ్గకయే యెనిమిది గంటల దినము వారికి లభించెను. ఆ విజయమును వా రేఁటేఁటను ఊరేగింపుతో జరుపుకొనిరి. శ్రామికోత్సవ మను నాచారమున కిది ప్రథమరూప మనవచ్చును. అది పోరాటస్మారకమైనను బ్రాణనష్టము లేని స్మారకము. అమెరికాలో నట్లు కాలేదు.

చికాగో వృత్తాంతము

అమెరికాలో 1866 ఆగస్టున బాల్టిమోరులోఁ గూడిన జాతీయ శ్రామికసమాజము ఎనిమిది గంటల దినమును గోరెను. అదే సంవత్సరము జెనీవాలో అంతర్జాతీయ శ్రామికసభయు నట్లే తీర్మానించెను. ఇలినాయి రాష్ట్రము 1867 మే 1వ తేదీనుండి యెనిమిది గంటలే దినమని శాసించెను గాని, దాని నమలు పెట్టు నుపాయము శాసనమున లేకపోఁగా నది కాగితమునందే నిలిచెను. ఈ యనుభవమువలనఁ బనివారు శాసనముపై నాస తగ్గించుకొనిరి. 1884 అక్టోబరున చికాగోలోఁ గూడిన శ్రామికసంఘముల సమాఖ్య, 1886 మే 1వ తేదీ మొదలు ఎనిమిది గంటలే దినముగా నుండునని తామే తీర్మానించుకొనెను. ప్రభుత్వమును వేఁడుకొనలేదు, యజమానులను సెలవడుగలేదు. మే మొదటి తేదీ యన్నది యిట్లు వచ్చినది.

ఆ దినమున నమెరికా యంతటను మూఁడులక్షలకుఁ దక్కువగాని పనివారు పని నిలిపిరని చరిత్రకారు లంచనా వేసిరి. చికాగో దానికిఁ గేంద్రము. మే 3వ తేదీన మెకార్మిక్ వారి కోఁతయంత్రముల కర్మాగారము కడఁ బోలీసులు కాల్పులు జరుప శ్రామికులు మడిసిరి. దానిని నిరసించుటకై మఱునాఁటి రాత్రి హేమార్కెట్ అను బజారునందు సభ జరిగెను. నగరాధ్యక్షుఁడు కార్టర్ హారిసన్ స్వయముగా వచ్చి చూచి, సభ శాంతముగా నున్నదని యెంచి వెడలిపోయెను. వాన సూచనచే జనము పలుచనయి సభ ముగియఁబోవు తఱిఁ బోలీసుదళము వచ్చి చెదరిపొండని యాజ్ఞాపింపఁగా, నెవఁడో యొక బాంబును విసరెను. పోలీసులు కాల్పులు జరిపిరి. పోలీసులలో నేడుగురును, ప్రజలలోఁ గనీసము నలుగురును మరణించిరి. బాంబు విసరినవాఁ డెవఁడో నేఁటికిని దెలియలేదు.

ఎనమండుగురిపై నభియోగము వచ్చెను. వారు ఆగస్టు స్పీస్, ఆల్బర్టు పార్సన్స్, అడాల్ఫ్ ఫిషర్, జార్జి ఎంగెల్, లూయీ లింగ్, మైకేల్ ష్వాబ్, సామ్యూల్ ఫీల్డెన్, ఆస్కార్ నీబె. బాంబు పడినపుడు సభాస్థలమున వేదిక కడ నుండినవారు స్పీస్, ఫీల్డెన్ ఇద్దఱే. వారిలో నెవఁడైనను బాంబు విసరెనని ఋజువు కాలేదు. వారి వ్రాఁతలును బ్రసంగములును దాని నెవనిచేతనో విసరించినవనుటయే వాదము. దొరకక తప్పించుకొనియుండిన పార్సన్స్ విచారణ మొదలగునాఁడు తానై న్యాయస్థానమునకు వచ్చి తోడివారి సరసఁ గూర్చుండెను. ఏడుగురికి మరణదండనమును, నీబెకుఁ బదునైదేండ్ల కారాగారమును విధించిరి. ఫీల్డెన్, ష్వాబ్ అనువారి శిక్ష యావజ్జీవకారాగారముగా మాఱెను. లింగ్ చెఱసాలలోఁ బ్రాణము తీసికొనెను. తక్కిన నలువురును 1887 నవంబరు 11వ తేదీన నురిదీయఁబడిరి.

1893 జూన్ 26వ తేదీన ఇలినాయి గవర్నరు జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ మిగిలిన మువ్వురకును సంపూర్ణక్షమ నిచ్చెను. దయతోఁ గాదు, న్యాయసభ్యుల యెంపిక పక్షపాతముతో జరిగినదనియు, నేరము ఋజువు కాలేదనియు, న్యాయాధిపతి నిష్పక్షపాతి కాఁడనియు సహేతుకముగా వ్రాసి మఱి యిచ్చెను. దానికై పత్రిక లతనిని దూఱినవి. 1896 నాఁటి యెన్నికలో నతఁ డోడెను. నిరపరాధులని తెలిసినపిమ్మట నురిఁబడినవారు తిరిగి రాలేదు. ప్రమాణము లేని యనుమానము దండనకుఁ జాలదను న్యాయము నెఱిఁగినవా రీ వృత్తాంతమును శ్రామికచరిత్రముననే గాక వ్యవహారశాస్త్రమునను జదువఁదగును.

రెండు పండుగలు

1888 లో అమెరికా శ్రామిక సమాఖ్య 1890 మే 1వ తేదీన మరల నెనిమిది గంటల కొఱకుఁ బూనవలెనని నిశ్చయించెను. 1889 జూలైలో, బాస్టిల్ చెఱసాల పట్టుపడిన నూఱవ యేఁట, పారిసున సామ్యవాదుల అంతర్జాతీయసభ గూడెను. అన్ని దేశముల శ్రామికులును ఒకే దినమున నెనిమిది గంటల కొఱకుఁ బ్రదర్శనము జరుపవలెనని రేమండ్ లవీన్ ప్రతిపాదించెను. అమెరికావా రిదివఱకే మే 1వ తేదీని నిర్ణయించుకొనియుండుటచే నదియే గ్రహింపఁబడెను. ఏఁటేఁట జరుపవలెనని యా తీర్మానమున లేదు; 1891 లో బ్రస్సెల్స్ సభ దానిని నిత్యముగాఁ జేసెను. అదే యేఁటి మే దినమున ఫ్రాన్సులోని ఫూర్మీ యను నేఁతపట్టణమున సైనికులు కాల్పులు జరిపి తొమ్మండుగురను జంపిరి. వారిలో యువతులును గలరు.

ఏ దేశమున నీ దిన మావిర్భవించెనో యా దేశమున నిది రాజకీయమైన సెలవు కాలేదు. అచ్చటఁ గార్మికదిన మనఁగా సెప్టెంబరు నెల మొదటి సోమవారము. 1882 సెప్టెంబరు 5వ తేదీన న్యూయార్కు శ్రామికసంఘములు మొదట నూరేగింపు జరిపినవి. 1894 లోఁ బుల్‌మన్ రైలుపెట్టెల కర్మాగారపు సమ్మె జరుగుచుండఁగా అధ్యక్షుఁడు గ్రోవర్ క్లీవ్‌లండ్ దానిని జాతీయసెలవుగాఁ జేయు శాసనమునకు సమ్మతించెను. కొలఁది దినములలోనే యా సమ్మెపై సైన్యమును బంపెను. సెప్టెంబరు పండుగ యనుజ్ఞాతము. మే దినము స్వయంగృహీతము. మొదటిది సెలవు శబ్దమున కర్హము. రెండవదానికిఁ బిమ్మటఁ బెక్కుదేశముల ప్రభుత్వము లనుజ్ఞ నిచ్చినను, దాని జన్మ మనుజ్ఞచేఁ గలిగినది కాదు.

భారతదేశమున

మన దేశమున మొదటి ఫ్యాక్టరీశాసనము 1881 నాఁటిది. అది యేడేండ్లలోపు బిడ్డలను బనికిఁ బెట్టరాదనియు, ఏడు మొదలు పండ్రెండేండ్లలోపువారిచేఁ దొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదనియు విధించెను. పెద్దవారికి మేర లేదు. వారమున కొక్క దినమైనను విరామము లేదు.

ఆ విరామమును సాధించినవాఁడు నారాయణ మేఘాజీ లోఖండే. ఇతఁడు జ్యోతీరావు ఫూలే యనుచరుఁడు, దీనబంధు పత్రికకు సంపాదకుఁడు. 1884 లో బొంబాయి మిల్లుపనివారి సభలు జరిపి, ఆదివారపు విరామము మొదలగు కోరికలతో 5,500 మంది చేవ్రాళ్లు గల విజ్ఞాపనమును బంపెను. 1890 ఏప్రిల్ 24వ తేదీన బొంబాయిలో నించుమించు పదివేలమంది పనివారు గూడిరి. ఇద్దఱు స్త్రీలును ఆ సభలో మాటలాడిరి. జూన్ 10వ తేదీన మిల్లుయజమానుల సంఘము వారమునకు నొకదినము విరామ మిచ్చుట కంగీకరించెను. ఐరోపాలోఁ బ్రథమ మే దినము జరుగుటకు సరిగా వారము దినములముందు బొంబాయి సభ జరిగినది. ఒకదానితో నొకదానికి సంబంధము లేదు. ఒకే యంత్రమునకుఁ గట్టుపడిన మనుష్యులకు నొకే కోరిక కలుగుట సహజమని మాత్రము దీనివలనఁ దెలియును. 1891 నాఁటి శాసనము వారపు విరామమును ధ్రువపఱిచెను.

చెన్నపట్టణమున

సంఘ మను పేరునకుఁ దగిన శ్రామికసంఘము మన దేశమున మొదటఁ బుట్టినది చెన్నపట్టణమునందు. 1918 ఏప్రిల్ 27వ తేదీన బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లుల పనివారు బి. పి. వాడియా యధ్యక్షతను మద్రాసు లేబర్ యూనియనును స్థాపించిరి. 1920 లో వివాదము ముదిరి మిల్లు మూఁతపడఁగా, ఒడంబడికను భంగపఱుపఁ బనివారిని బురికొల్పిరని యజమానులు హైకోర్టున వాడియా మున్నగువారిపై దావా వేసి నిషేధాజ్ఞ పొందిరి. కూడుట నేరము కాకున్నను, కూడి పని మానినచో నాయకులు నష్టపరిహార మీయవలసి వచ్చునని దీనిచేఁ దేలెను. అందుచే నారాయణ మల్హార్ జోషి 1921 లో శాసనసభయందు సంఘములకు రక్షణ నిచ్చు చట్టము కావలెనని తీర్మానము తెచ్చెను. అది 1926 లో ట్రేడ్ యూనియన్ చట్టమై, 1927 జూన్ 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. చెన్నపట్టణపు నేఁతపనివారి నాయకులు న్యాయస్థానమున నోడిన యోటమి దేశమంతటికిని రక్ష యయ్యెను.

మే దినమును మన దేశమున మొదట జరిపినదియు నా నగరమే. 1923 మే 1వ తేదీన సింగారవేలు చెట్టియారు హైకోర్టు కెదుటి సముద్రతీరమున నొక సభను, తిరువల్లిక్కేణి తీరమున మఱియొక సభను జరిపించెను. ఆ దినమును సెలవుగాఁ బ్రకటింపుఁడని కోరుటయు నందు జరిగెను. నాఁడు సర్కారు, దత్తమండలములు మద్రాసు రాజధానిలోనివే గావున నీ చరిత్ర తెలుఁగువారికిఁ బరాయిది కాదు. 1959 లో మెరీనా తీరమున దేవీప్రసాద రాయచౌదరి చెక్కిన శ్రామికవిజయ శిల్పము నెలకొల్పఁబడెను. నలువురు మనుష్యు లొక బండను గదలించుచుందురు.

తెలుఁగువారిలో నీ రంగమునఁ బ్రసిద్ధుఁడు బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరి. బెంగాలు నాగపూరు రైల్వే పనివారి సంఘమును నడిపి, 1926 లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసున కధ్యక్షుఁడయ్యెను. 1952 లోఁ గేంద్రమున శ్రామికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల వేతనతీర్పును బ్రభుత్వము మార్చినందులకు 1954 లోఁ బదవిని వదలుకొనెను. 1969 లో రాష్ట్రపతి యయ్యెను. హైదరాబాదు సంస్థానమున 1946 లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసును నిర్మించినవారిలో ఉర్దూకవి మఖ్దూం మొహియుద్దీన్ ముఖ్యుఁడు.

ఎనిమిది గంటలు వచ్చిన క్రమము

1919 లో అంతర్జాతీయ శ్రామికసంస్థ వాషింగ్టనున నంగీకరించిన మొదటి యొడంబడికయే దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అనునది. కాని భారతదేశమునకు మాత్రము వారమునకు 60 గంటలని ప్రత్యేకనియమ ముంచిరి. 1911 నాఁటి శాసనము నేఁతమిల్లులలోఁ బురుషులకు దినమునకు 12 గంటలు మేర పెట్టియుండెను. 1922 లో వారమునకు 60, 1934 లో సంవత్సరము పొడవునను నడచు ఫ్యాక్టరీలలో 54, 1946 లో 48 గంటలు అయినవి. ఈ కడపటి సవరణ డాక్టరు అంబేద్కరు వైస్రాయి సభలో శ్రామికసభ్యుఁడుగా నుండిన కాలమునఁ జేయఁబడినది. 1948 నాఁటి ఫ్యాక్టరీచట్టము దానిని నిలిపి, దినమునకు 9 గంటలకు మించరాదనెను. మెల్‌బోర్న్ రాతిపనివారు 1856 లోఁ బొందినది మన మిల్లుపనివానికి శాసనమూలమునఁ జేరుటకుఁ దొంబదియేండ్లు పట్టెను.

చేరినది నిలుచుననుటకును బ్రమాణము లేదు. 1926 నాఁటి చట్టమును, 1948 నాఁటి చట్టమును మొదలుగా 29 శాసనములను నాలుగు కోడ్లుగాఁ గూర్చుచుఁ బార్లమెంటు 2019, 2020 సంవత్సరములలో శాసనములు చేసెను. అవి 2025 నవంబరు 21వ తేదీన నమలులోనికి వచ్చినవి. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశమున ఫ్యాక్టరీలకును, తెలంగాణమున వాణిజ్యసంస్థలకును దినమునకుఁ బది గంటలవఱకుఁ బని చేయించుకొన వీలు గల్పించు మార్పులు వచ్చినవి. వారమునకు 48 గంటల మేర మాత్రము నిలిచినది. ఇది వ్యాపారసౌకర్యమని కొందఱును, వెనుకంజ యని కొందఱును వాదించిరి. వాదమునకుఁ దగిన విషయమే యిది. దినపు మేరయు వారపు మేరయు నొకటి గాదనియు, అలసిన దేహము వారమునకుఁ గాక దినమునకు లెక్క చూచుకొనుననియు మఱవక వాదింపవలెను.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ మేర లన్నియు ఫ్యాక్టరీగోడలలోపలివి. పొలమున నాటువేయు కూలికి, ఇండ్లలోఁ బాత్రలు తోము స్త్రీకి, అడ్డాలో నిలుచు తాపీపనివానికి నెనిమిది గంటల దినము శాసనములోఁ జదువుటకే గాని యనుభవమున లేదు. మన దేశమునఁ బనివారిలో నధికసంఖ్యాకులు వీరే. వీరికి నేఁటికిని బాణినినాఁటి పరిమాణమే చెల్లుచున్నది: ఇంత కూలి, ఇన్ని దినములు, గడియల లెక్క లేదు. మే 1వ తేదీన బడులకు సెలవు వచ్చినను రాకున్నను, ఆ దిన మేల వచ్చెనని బాలు రడిగినచో, నురిఁబడిన నలువురి పేర్లతోఁ బాటు ఇంకను మేర యేర్పడని వీరి వృత్తుల పేర్లను గూడ జెప్పుట యుపాధ్యాయుల విధి.